కుప్పం నుంచి ఎడమ డోరు

ఉదయం ఆరున్నరకు మదనపల్లెలో పుంగనూరు బస్సెక్కాను. పాత డబ్బా వ్యానుకు డోరు కోసం ఈ వయసులో ఊళ్లు తిరగాల్సి వచ్చింది. టమోటా లారీ గుద్ది మా వ్యాను ఎడమ డోరు వంగిపోతే తాడుతో కట్టి పెట్టాను. మా ఇంటావిడ మోకాలు వంగదు. వెనక సీటులో అడ్డంగా కూర్చుని, పాదం ఆ డోరుకే ఆనించేది. తాడును నమ్మి ఎక్కనంటుంది. సదుంలో మంచాన పడిన చెల్లెల్ని చూడాలని మాత్రం రోజూ అడుగుతుంది.

"ఆ డబ్బా ఇంకా పెట్టుకోనుండావా అప్పా?" అన్నాడు సంగతి విన్న పక్క సీటు రైతు.

ఒళ్లు మండింది. ఈ రకం వ్యాను వచ్చిన కొత్తలో రొట్టెల పెట్టె అని నవ్వినవాళ్లే తర్వాత దానికోసం నెలలు కాచుకున్నారు. బండికి ముక్కు లేదు, ఇంజను ముందు సీటు కిందే. హార్స్లీ హిల్స్ ఎక్కేసరికి కూర్చున్నచోట కాలేది. అయినా ఎనిమిదిమందిమి పట్టేవాళ్లం. ఇలాంటి బండ్లను మొదట డాక్టర్లు కొన్నారు. తర్వాత బడిబండి అయింది, అంబులెన్సయింది, గ్యాసుతో నడిచింది. చివరకు సీట్లు పీకి టమోటా పెట్టెలు వేశారు. గుద్దుకుంటే ముందువాళ్లు దక్కరని నిబంధనలు మారాయి, తయారీ ఆపేశారు. అది న్యాయమే. కానీ తిరిగే బండ్లకు ఒక డోరైనా దొరకనివ్వద్దా?

పుంగనూరులో పాత ఇనుము కొట్టతను నవ్వాడు. "అయ్యన్నీ ఎప్పుడో కరిగిపోయినాయి తాతా. కుప్పం బస్టాండు కాడ ఒకటుండాది. కదల్దు, అన్నం అమ్ముతాది."

పలమనేరులో బస్సు మారి, నడుము పడిపోయి, ఒంటిగంటకు కుప్పంలో దిగాను. వ్యాను ఉంది. టైర్లు లేవు, ఎడమ డోరూ లేదు. ఆ ఖాళీలోంచి రాజమ్మ అనే ఆవిడ చిత్రాన్నం పెడుతోంది. ఉసూరుమంటూ ప్లేటు తీసుకుని, ఇటుకల మీది బల్లకు ఆనుకుని తిన్నాను. బల్ల అంచున చేతికి పిడి తగిలింది. ప్లాస్టిక్ పట్ట ఎత్తి చూస్తే, అదే డోరు.

"ఇది నాకియ్యమ్మా. ఎంతంటే అంత."

"తినేవాళ్లు యాడ పెట్టుకోని తినాల? నా నెత్తినా?"

ఇంటావిడ కాలు సంగతి చెప్పాను. గరిటె ఆపి వింది.

"మీ వంకర డోరు పారేసినారా?"

"లేదు, బండికి కట్టుండాది."

"అది తెచ్చి ఈడ పెట్టు. అందాక డ్రమ్ము మీద తింటారు."

"నేను రాకుంటే?"

"ఈ వయసులో డోరెత్తుకోని యాడికి పరిగెత్తుతావులే అప్పా."

తింటున్న ఇద్దరు చేతులు కడుక్కుని దాన్ని బస్సెక్కించారు. "ఏం తాతా, మా బస్సుకు డోరు లేదనుకుంటివా?" అంటూ కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడు.

పుంగనూరు దాటాక ఇంటావిడ ఫోను చేసింది. "దొరికిందా? ఎడమదేనా?"

"ఎడమదే."

"రేపు వస్తాండామని చెల్లికి చెప్తా."

"ఎల్లుండి అని చెప్పు. రేపు మన వంకర డోరు కుప్పం చేర్చాల."

"మళ్లీ అంత దూరమా?"

"ఆడ జనం డ్రమ్ము మీద తింటాండారు" అన్నాను. మోకాళ్ల మధ్య డోరు జారుతుంటే రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాను.