వజ్రమ్మక్క మిరప తోటలో హంతకుడు

మా పెద్దవంగరలో మిరపకాయలు ఏరే కాలం వచ్చిందంటే కూలీల కోసం రైతులు మా వాకిళ్ల ముందు పడిగాపులు కాస్తారు. వజ్రమ్మక్క తోటకు మాత్రం మేమే ఎగబడి పోతాం. ఎందుకంటే అక్క కూడా మాతో పాటు సాలు పట్టి, తను చదివిన నవల చెబుతూ ఏరుతుంది. తొర్రూరు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవలలు, అవీ ఆడవాళ్లు రాసినవే.

"మగోళ్లు రాసినదాంట్ల శవం లేచేదాక పోలీసులే తిరుగుతరు. ఆ ఇంట్ల ఆ పూట అన్నం ఎవరు వండిన్రో ఒక్కడు రాయడు" అంటుంది. నాకూ అది నిజమే అనిపిస్తుంది.

నిరుడు ఒక రాణి కథ చెప్పింది. మేం నడిసాలులో ఉండగా కథలో ఆ రాణి చనిపోయింది. మా కూలీలందరిలోకీ పెద్దది లచ్చమ్మవ్వ గంప దించేసి, "అయ్యో బిడ్డా" అని శోకాలు పెట్టి, మైల వచ్చిందంటూ తలస్నానానికి ఇంటికి పోయింది. ఆమె వెనకాలే అందరం పోయాం. ఎప్పుడో వందల ఏళ్ల కిందటి చావని ఎవరికీ తోచలేదు. ఆ రోజుకు ఏరుడు బందయింది.

అందుకే ఈ ఏడు అక్క హత్య కథ ఎత్తుకుంది. ఇందులో చచ్చేవాడు మొదటి పేజీలోనే చస్తాడు, పైగా వడ్డీ వ్యాపారి. ఎవరూ ఏడవలేదు. వంటమనిషి చంపిందా, మేనల్లుడా, డాక్టరా అని మధ్యాహ్నం సద్దులు తినే దగ్గర కొట్టుకున్నాం.

అక్క మొగుడు సోమనర్సయ్యే పుల్ల వేశాడు. పుస్తకం చూస్తేనే మండిపడే మనిషి, దొంగచాటుగా ఆఖరి పేజీలు చదివి, "డాక్టరే చంపిండు" అని చాయ్ హోటల్ దగ్గర చాటాడు. నాకు ఒళ్లు మండింది. తెల్లారి ఎవరమూ తోటకు పోలేదు. తెలిసిపోయిన హంతకుడి కోసం ఎండలో నడుములు విరగ్గొట్టుకునేదెవరు?

అప్పటికే మబ్బు పట్టింది. సగం తోటలో కాయ ఇంకా చెట్ల మీదే ఎర్రగా ఉంది. వాన పడితే ఏడాది కష్టం మట్టిపాలే. మేమంతా కూర్చున్న లచ్చమ్మవ్వ వాకిట్లోకి అక్క వచ్చింది. కళ్లలో నీళ్లున్నా గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"మా ఆయన ఏం చదివిండు? ఆ డాక్టర్ను గూడ చంపిన్రు గదా!"

"ఎవలు?" అన్నాం అందరం.

"తోటల చెప్త, రాండ్రి."

గంపలు పట్టుకుని ఉరికాం.

కాసేపటికి సోమనర్సయ్య పుస్తకం పట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. "అబద్ధం! గిండ్ల డాక్టర్ బతికే ఉన్నడు!"

"మాట్లాడాల్నంటే సాలు పట్టు బిడ్డా" అంది లచ్చమ్మవ్వ.

పట్టాడు. పుస్తకం చంకలో పెట్టుకుని, డాక్టరు తరఫున వాదిస్తూ, కాయలు తెంపుతూ రెండు సాళ్లు దాటాడు. అతను మిరపకాయ తెంపడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అక్క ఊరుకుంటుందా? కథలోకి డాక్టరు కవల తమ్ముణ్ని దింపింది, పచ్చిపులుసులో విషం కలిపింది. సోమనర్సయ్య వాదన మెల్లగా తగ్గింది. మూడో సాలుకు "పచ్చిపులుసు చేసింది ఎవలు?" అని తనే అడిగాడు.

కాయంతా షెడ్డు కిందికి చేర్చాకే వాన దంచికొట్టింది. అందరం అక్కడే నిలబడ్డాం. నాకు ప్రాణం లేచొచ్చింది. సోమనర్సయ్య మండే చేతులు ఊదుకుంటూ పెళ్లాం దగ్గరికి జరిగాడు.

"వజ్రా, జర చెప్పవే. అసలు చంపింది ఎవలు?"

"పుస్తకం నీ చంకల్నే ఉండె గదా!"

"గీ పుస్తకంల అంత తప్పు రాసిన్రే!"