ఏలూరు కిందే ఉంది

నేను పదో తరగతి పాసైన వేసవిలో మా నాన్న ఉద్యోగం మానేశారు. విజయవాడలో ఉద్యోగం మానెయ్యడం పెద్ద వార్తేమీ కాదు. కానీ ఆయన ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఊళ్లో పిల్లలందరినీ కోడి కన్నా ముందు లేపి పుస్తకాల ముందు కూర్చోబెట్టే వ్యవస్థలో పదిహేనేళ్లు నమ్మకంగా పనిచేసిన మనిషి. ఆయనే తన పిల్లలిద్దరినీ ఏడాదిపాటు బడికి పంపనని, వ్యానులో దేశమంతా తిప్పుతూ చదువు చెబుతానని ప్రకటించారు.

ప్రకటన భోజనాల దగ్గర జరిగింది. నాన్న కంచం ముందు నుంచి లేచి నిలబడ్డారు.

"ఇక నుంచి ప్రపంచమే వీళ్ల బడి," అన్నారు.

"కూర్చోండి, పప్పు చల్లారిపోతోంది," అంది అమ్మ.

ఆయన కూర్చున్నారు. మా ఇంట్లో విప్లవాలన్నీ ఇలాగే మొదలవుతాయి. అమ్మ ఒప్పుకుందని మాకు అప్పుడే అర్థమైంది. ఆవిడ ఫోన్లో చిన్నపిల్లలకి ఇంగ్లిష్ ట్యూషన్లు చెప్పేది. ఎక్కడికెళ్లినా సిగ్నల్ ఉంటే చాలు, ఆవిడ ఉద్యోగం నడుస్తుంది.

మర్నాడు పిన్ని వచ్చింది, తన కొడుకుని వెంటబెట్టుకుని.

"అక్కా, బావగారికి ఒంట్లో బానే ఉందా?"

"బానే ఉందే. అదే నా భయం."

ఇంటర్‌కి ముందు నాకు ఏడాది పోతోందని బంధువులందరూ బాధపడ్డారు, నేను తప్ప. అసలు చిక్కు నాది కాదు, మా చెల్లిది. దానికి అప్పుడు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి అయింది. వాళ్ల హెడ్‌మిస్ట్రెస్ గారు నాన్నతో ఒకే మాట చెప్పారు: "తిప్పుకుని తీసుకురండి. వచ్చాక పరీక్ష పెడతాం. పాసైతే ఆరులో కూర్చుంటుంది, లేకపోతే ఐదులో."

ఐదులో అంటే పిన్ని కొడుకు పక్కన. వాడు చెల్లికన్నా పది నెలలు చిన్న, అదే బడిలో ఒక తరగతి వెనక. ఆ ఒక్క తరగతి మీదే చెల్లి రాజ్యం నిలబడి ఉంది. ఆటోలో అంచు సీటు దానిది, దాని నీళ్ల సీసా మోసేది వాడు. వాడు పిన్ని వెనక నుంచి తల బయటపెట్టి చాలా మర్యాదగా అడిగాడు: "అయితే ఇద్దరం ఒకే క్లాసైతే నిన్ను అక్కా అనక్కర్లేదు కదా?"

ఆ ఏడాదంతా దేశం గురించి నాన్నకి ఎన్ని కలలున్నాయో, ఈ ఒక్క ప్రశ్న గురించి చెల్లికి అన్ని పీడకలలున్నాయి.

నాన్న పెద్ద ఇండియా మ్యాపు కొని, కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీశారు. ముందు అలవాటు కోసం రెండు రోజులు కొండపల్లిలో ఉందామన్నారు. అక్కడ అయిదు వారాలు ఉన్నాం.

దీనికి కారణం ఒక మాట. మా వైపు పోర్షన్ అంటే రెండు అర్థాలు. ఇంట్లో అద్దెకిచ్చే భాగం ఒకటి, పరీక్షకి పూర్తి చేయాల్సిన పాఠాలు ఇంకోటి. పదిహేనేళ్ల కాలేజీ దెబ్బకి నాన్నకి రెండూ ఒకటే అయిపోయాయి. ఏ ఊళ్లో పోర్షన్ తీసుకున్నా, ఆ ఊరి పోర్షన్ అయ్యేదాకా ఖాళీ చేసేవారు కాదు. కొండపల్లిలో బొమ్మలు చేసే ఇంట్లో వెనక భాగం దొరికింది. చెల్లి గరుకు కాగితంతో బొమ్మలు నున్నగా రుద్దుతుంటే నాన్న పక్కన కూర్చుని ఘర్షణ గురించి చెప్పేవారు. నేను రెండు వారాలు కష్టపడి ఒక ఏనుగుని చెక్కాను. ఇంటావిడ దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, "పంది బాగా కుదిరింది బాబూ," అంది. ఇప్పటికీ నా కళకి వచ్చిన ఏకైక ప్రశంస అదే.

అక్కణ్ణించి కూచిపూడి. అక్కడ ఏడు వారాలు. చెల్లి మొదటి వారంలోనే అడుగులు పట్టేసింది. నన్ను చూసి డాన్సు మాస్టారు, "నువ్వు కూర్చుని తాళం వెయ్యి నాయనా," అన్నారు. మూడో రోజుకి, "తాళం కూడా వద్దులే, ఊరికే చూడు," అన్నారు. ఆ చుట్టుపక్కల ఇంకో రెండూళ్ల పోర్షన్లు కూడా అయి చలికాలం వచ్చేసరికి మ్యాపు మీది ఎర్ర గీతలో మేం చుట్టింది పెన్సిలు మొన కింద దాగిపోయేంత మేర.

"కాశ్మీరు ఎప్పుడు నాన్నా?" అని అడిగాను.

"తొందరేముందిరా? అది ఎక్కడికీ పోదు."

నిజమే. అది ఇంకా అక్కడే ఉందని వెళ్లొచ్చినవాళ్లు చెబుతున్నారు.

కూచిపూడిలోనే ఒక గొడవ బయటపడింది. నాన్న నియమం ప్రకారం పాఠ్యపుస్తకాలు వ్యాను ఎక్కకూడదు. ఒక రోజు చెల్లి దిండు గట్టిగా ఉందేమిటని ఆయన గలీబు విప్పితే అయిదో తరగతి సోషల్, సైన్సు, లెక్కలు వరసగా జారిపడ్డాయి. కొని దాచి ఇచ్చింది అమ్మ.

నాన్న పుస్తకాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "అంటే నా మీద నమ్మకం లేదా తల్లీ?"

"ఉంది నాన్నా," అంది చెల్లి. "కానీ పరీక్ష పేపరు నువ్వివ్వవుగా."

ఆయన సోషల్ పుస్తకం తెరిచి విషయసూచిక చదివారు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట రెండు పాఠాలు ఆయనే చెప్పడం మొదలుపెట్టారు, మొహం ముడుచుకుని. వారం తిరిగేసరికి ముడుచుకోవడం మర్చిపోయారు.

రెండో పంటకి కాలవలకు నీళ్లు వదిలిన రోజుల్లో మేం హనుమాన్ జంక్షన్ చేరాం. పోర్షన్ పంక్చర్ల షాపు వెనక. లారీ హారన్లలో తేడాలు పట్టి ధ్వనిశాస్త్రం చెబుదామని నాన్న ఆశ. కానీ నాలుగో రోజుకి ఆయనకే చెవి నొప్పి వచ్చి, రోజూ పొద్దున్నే మమ్మల్ని ఏలూరు కాలవ గట్టుకి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. అక్కడ తూము తలుపులు ఎత్తి దించే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆ ఉద్యోగిని లస్కరు అంటారు. ఒక చెవిలో ఫోను, ఇంకో చెవి మీద సగం కాల్చిన బీడీ.

"పైన వదిలారా? ఏంటీ, ఇంకా లేదా? ఇక్కడ కిందోళ్లు నా ప్రాణం తీస్తున్నారయ్యా!" అని అరిచి ఫోను పెట్టేశాడు.

చెల్లి దగ్గరికెళ్లింది. "పైన అంటే ఎక్కడ తాతగారూ?"

"పైన అంటే బెజవాడమ్మా. బ్యారేజీ."

"మరి కింద?"

"కింద ఏలూరు."

చెల్లి ఆలోచించింది. దిండులోంచి బయటికొచ్చిన పుస్తకం దానికి బాగా గుర్తుంది. "మ్యాపులో ఏలూరే పైన ఉందండి."

"మ్యాపులో నీళ్లు పారతాయా?"

నాన్న ఆనందం పట్టలేకపోయారు. "చూశారా! ఎత్తు నుంచి పల్లానికి! మొత్తం డెల్టాని నడిపిస్తున్నది గ్రావిటీ!"

లస్కరు ఆయన వైపు నింపాదిగా చూశాడు. "ఆ ఇంజనీరు గారు మా సెక్షనుకి ఎప్పుడూ రాలేదండి," అన్నాడు. చెవి మీది బీడీ తీసి వెలిగించాడు. నవ్వాడా లేదా అన్నది పొగలో తెలియలేదు.

ఆ రోజు నుంచి చెల్లికి దిక్కులు మారిపోయాయి. బెజవాడ వైపు ఏదున్నా పైన, ఏలూరు వైపు ఏదున్నా కింద. ఒకసారి అమ్మ నాన్న కోసం వెతుకుతుంటే, "కిందికెళ్లారమ్మా," అంది.

"కిందికేంటే? నూతిలోకా?"

"కాదమ్మా. టీ కొట్టుకి."

మే నెలలో విజయవాడ తిరిగొచ్చాం. పరీక్ష రోజున చెల్లి అన్నం ముట్టలేదు. వరండాలో మేం ముగ్గురం కూర్చున్నాం. ఏటేటా వందల మంది పిల్లల్ని పరీక్ష హాళ్లలోకి పంపి హాయిగా టీ తాగిన నాన్న, ఆ రెండు గంటల్లో మూడుసార్లు లేచి పేపరు కష్టంగా ఉందా అని వాచ్‌మన్‌ని అడిగారు. అతను మొదటిసారి తెలియదన్నాడు, రెండోసారి ఉండొచ్చన్నాడు, మూడోసారి కుర్చీ చూపించాడు.

చివరికి హెడ్‌మిస్ట్రెస్ గారు అందర్నీ గదిలోకి పిలిచారు. బల్ల మీద చెల్లి పేపరు ఉంది.

"లెక్కలు బావున్నాయి. తెలుగు బావుంది. ఘర్షణ అంటే ఏమిటని అడిగితే గరుకు కాగితం మీద పేజీన్నర రాసింది, అదీ బావుంది. సోషల్ దగ్గరే ఆలోచిస్తున్నాను." ఆవిడ వేలు ఒక గీత మీద ఆగింది. "విజయవాడకి ఏలూరు పైన ఉందా, కింద ఉందా? కింద అని రాసింది. మ్యాపు చూడ్డం రాని పిల్లని ఆరులో ఎలా కూర్చోబెట్టనండీ?"

నాన్న నోరు తెరిచారు. అమ్మ ఆయన కాలు తొక్కింది. చెల్లి లేచి నిలబడింది.

"తప్పు కాదండి మేడం."

"మ్యాపులో ఉత్తరం పైన ఉంటుందమ్మా."

"కాగితం మీదండి. కాలవకి బెజవాడే పైనండి. లేకపోతే నీళ్లు ఏలూరు ఎలా పోతాయండి?"

హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మాది నాగాయలంక," అన్నారు. "చిన్నప్పుడు బెజవాడ బయల్దేరుతుంటే ఎక్కడికే అంటే, పైకి అనేవాళ్లం. మా వారిది వేరే జిల్లా. పెళ్లైన కొత్తలో ఫోన్ చేస్తే మా అమ్మ, 'అది పొద్దున్నే పైకి పోయిందండీ' అందట. పాపం, ఆయన ఏడుస్తూ బస్సెక్కారు."

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సరే, ఉత్తరం ఎటో చేత్తో చూపించు."

చెల్లి చూపించింది.

"ఏలూరు?"

చెయ్యి కొంచెం కుడికి జరిగింది. "ఈశాన్యమండి."

"తెలిసిన దానివి, ఆ ముక్కే రాస్తే ఏం పోయేది?"

"రాద్దామనుకున్నానండి. మీరు పైన, కింద అనే ఇచ్చారు. ఈశాన్యం ఇవ్వలేదు."

ఆవిడ ప్రశ్నపత్రం దగ్గరికి లాక్కుని చదివారు. ఎర్ర పెన్ను తీశారు. చెల్లి జవాబు జోలికి పోకుండా, తను ఇచ్చిన ప్రశ్న మీద అడ్డగీత కొట్టారు. "జూన్‌లో రామ్మా. ఆరో తరగతి."

"మేడం, ప్రపంచమే..." అంటూ నాన్న లేవబోయారు.

"పదండి," అంది అమ్మ.

సాయంత్రానికి పిన్ని, కొడుకు ఇంటికొచ్చారు. వాడికి విషయం తెలిసిపోయింది. గంటసేపు చెల్లిని ఏ పిలుపూ లేకుండా నెట్టుకొచ్చాడు: "ఇదిగో", "అది కాదూ", "నిన్నే". తెలుగులో ఇన్ని తప్పించుకునే దార్లు ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. చెల్లి ఏమీ అనకుండా జంతికలు తింటూ కూర్చుంది. కాసేపటికి వాడు బాత్రూంలోకి వెళ్లాడు. చెల్లి అటువైపు ఒకసారి వెళ్లొచ్చి మళ్లీ జంతికల దగ్గర కూర్చుంది. తర్వాత తలుపు దడదడలాడింది.

"పెద్దమ్మా! తలుపు రావట్లేదు!"

పెద్దమ్మ పిన్నితో కలిసి డాబా మీద ఉంది.

"అన్నయ్యా!"

నేను టీవీ సౌండు కొంచెం పెంచాను. లోపల చాలాసేపు చప్పుడు లేదు. అది ఆలోచిస్తున్నవాడి నిశ్శబ్దం.

"...అక్కా."

చెల్లి జంతిక కింద పెట్టింది. తలుపు దగ్గరికి నడిచి వెళ్లి, చెవి ఆనించి, "ఎవరూ?" అంది.

"నేనే అక్కా!"

"ఏ క్లాసు అక్క?"

"ఆరో క్లాసు అక్కా! తియ్యి అక్కా!"

అది గడియ తీసింది. వాడు చెమటతో బయటికొచ్చి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లి జంతికల పళ్లెం దగ్గర కూర్చున్నాడు. అది వాడి వైపు పళ్లెం జరిపింది. ఆ తలుపుకి బయట కూడా గడియ ఉందని, అది తనంతట తాను పడదని వాడికి ఇంతవరకూ తోచలేదు. నేనూ చెప్పలేదు.