బాపు దాచిన జబ్బు

చెన్నూరులో ఉండే అన్నకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. "తమ్మీ, నువ్వు గూడ చూపించుకో," అన్నాడు.

కరీంనగర్‌లో డాక్టర్ మూత్రం సంగతి అడిగితే సిగ్గుతో తల వంచుకున్నాను. వయసు పైబడిన మగవాళ్లలో ఈ క్యాన్సర్ మామూలేననీ, తండ్రికో అన్నదమ్ములకో ఉంటే ముప్పు ఎక్కువనీ చెప్పి, "మీ నాన్నకు ఉండెనా?" అన్నాడు.

"లేదు."

"ఉండె సార్," అంది పక్కనున్న నా భార్య. "కొడుకులకు చెప్పొద్దన్నడు మామ. అత్త నాకొక్కదానికే చెప్పింది."

నాకు తల కొట్టేసినట్టయింది. బాపు మాతో ఎప్పుడూ నడుం నొప్పి అని మాత్రమే అంటుండేవాడు.

నా రక్తపరీక్ష బాగానే వచ్చింది. "కొడుక్కు గూడ చెప్పుండ్రి, ముందుముందు చూపించుకుంటడు," అంది నా భార్య. హుస్నాబాద్‌లో ఉన్న వాడికి ఫోన్ చేశాను. అక్కడ వానలెట్లా ఉన్నాయో అడిగి పెట్టేశాను.