తనిఖీ రోజున నేను మామ్మని

అమలాపురంలో మా ప్లేస్కూల్లో ఆయాగా చేరి తొమ్మిదేళ్లయింది. నా చదువు మూడో తరగతి, అదీ సగమే. మిగతా సగం నాట్లలో పోయింది.

ఈ ఏడు మా మేడమ్ గారికి క్వాలిటీ సర్టిఫికెట్టు మీద మనసైంది. అది గోడకి తగిలిస్తే పిల్లలు ఎక్కువమంది చేరతారట. తనిఖీకి వచ్చేవాళ్లు ఏమేం చూస్తారో రాసున్న కాగితం తెచ్చి, మాకు చదివి వినిపించేరు. కిటికీలకి దోమల వల, మంచినీళ్ల ఫిల్టరు, పిల్లల చేతికందే ఎత్తులో బొమ్మలు, అన్నీ అమర్చేరు. చివర్లో ఒక మాట దగ్గర ఆగి నా వంక చూసేరు. పిల్లల్ని ముట్టుకునే ప్రతి మనిషికీ ట్రైనింగు కాగితం ఉండాలట. నాకు ఆధార్ కార్డు తప్ప వేరే కాగితమేదీ లేదు.

నన్ను మానిపించేస్తారా అనడిగేను. చూద్దాం అన్నారు. ఆ మాటతో నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు.

ఆవిడ ఆలోచించిన ఉపాయం ఇది: తనిఖీ రోజున నేను మంచి చీర కట్టుకుని, మనవడి కోసం వచ్చిన మామ్మలా వరండాలో కుర్చీలో కూర్చోవాలి. పిల్లలెవర్నీ ముట్టుకోకూడదు. నా పని చెయ్యడానికి రాజోలు నుంచి కాగితం ఉన్న అమ్మాయిని తెచ్చేరు.

చర్చికి కట్టుకెళ్లే చీర కట్టుకుని కూర్చున్నాను. తనిఖీకి వచ్చినావిడ నాకు నమస్కారం పెట్టి, మనవడి కోసం వచ్చేరా అనడిగేరు. ఆయ్ అన్నాను. నాకు కాఫీ కూడా ఇప్పించేరు. తొమ్మిదేళ్లలో ఆ బడిలో నేను కాఫీ ఇవ్వడమే గానీ పుచ్చుకున్నది లేదు. మామ్మగా ఉండటం బాగానే ఉంది అనుకున్నాను.

పదకొండయింది. రోజూ ఆ వేళకి పిల్లలంతా ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నా వెనక బాత్రూముకి వస్తారు. కొత్తమ్మాయి చప్పట్లు కొట్టి తియ్యగా పిలిచింది. ఒక్కరూ ఆవిడ వైపు వెళ్లలేదు. అందరూ వరండాలోకొచ్చి నా కుర్చీ ముందు లైను కట్టేరు. ముందున్న పాపకి ఇంకా మూడేళ్లు నిండలేదు. నాతో తప్ప వెళ్లదు, రెండు నిమిషాలకి మించి ఆగదు. అప్పటికే మోకాళ్లు దగ్గరికి నొక్కి నిలబడింది. తలుపు దగ్గర్నుంచి మేడమ్ గారు లేవద్దని కళ్లతో సైగ చేస్తున్నారు. ఆ కళ్లు చూసేను, ఈ మోకాళ్లు చూసేను. కళ్లు ఆగుతాయి, మోకాళ్లు ఆగవు. లేచేను.

నా వెనక పద్నాలుగుమంది రైలు పెట్టెల్లా కదిలేరు. తనిఖీ ఆవిడ గోడకి అతుక్కుని దారిచ్చేరు. అందరి పనులూ అయ్యి, చేతులు కడిగించి, గుండీలు పెట్టి బయటికొస్తే ఆవిడ అక్కడే ఉన్నారు.

“ఇంతమందీ మీ మనవలేనాండీ?”

“మా ఇంట్లో కాన్పులు ఎక్కువండీ,” అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఇంక దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పేసేను. మేడమ్ గారు మెల్లిగా స్టోరు గదిలోకి వెళ్లిపోయేరు. మెచ్చుకుంటారేమో, చివాట్లు పెడతారేమో అని నేను చూస్తుంటే తనిఖీ ఆవిడ ఇంకోటి అడిగేరు.

“రేపు మీకు జ్వరమొస్తే ఈ పాప ఏం చేస్తుందండీ?”

తొమ్మిదేళ్లు సెలవు పెట్టలేదని గొప్పగా చెప్పుకునేదాన్ని. పాప అప్పటికీ నా కొంగు పట్టుకునే ఉంది.

నేను ట్రైనింగు పూర్తి చేసేదాకా సర్టిఫికెట్టు ఆపుతున్నామని రాసి వెళ్లేరు. దాంతో నన్ను మానిపిద్దామా అని చూసిన మేడమ్ గారే ట్రైనింగుకి తీసుకెళ్దామని రోజూ పొద్దున్న ఆటోతో మా గుమ్మం ముందు నిలబడేవారు. మామ్మగారూ, ఆలస్యమైపోతోందండీ అంటూ. నేను కావాలనే జడ నెమ్మదిగా వేసుకునేదాన్ని.

ట్రైనింగులో రబ్బరు బొమ్మకి లాగు మార్చమన్నారు. అది ఏడవదు, తన్నదు. నా చేతులకి ఏం తోచక దాన్ని జోకొట్టేను, క్లాసంతా నవ్వేరు. అయినా పాసయ్యేను. సర్టిఫికెట్టు గోడకెక్కింది, నా కొలువు నిలిచింది.

కొత్తమ్మాయినీ ఉంచేసుకున్నారు. పాపని ఆవిడకి అలవాటు చెయ్యమని నాకే పని పెట్టేరు. నెల్లాళ్లు ముగ్గురం కలిసి బాత్రూముకి వెళ్లేం. ఓ రోజు నేను కావాలని వరండాలోనే ఆగిపోయేను. పాప ఆవిడ వేలు పట్టుకుని చక్కా వెళ్లిపోయింది. నేర్పింది నేనే, కాదనను. కానీ ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడొచ్చు కదండీ.