ఇరవై మూడో అంగ

ఓరెన్ హాస్కెట్ పని పడటం. ఇరవై రెండేళ్ళు అదే చేశాడు. తుపాకీ పేలుతుంది, గుర్రం కూలుతుంది, పైనున్న దొంగ దుమ్ములో దొర్లుతాడు. ఆయన ముఖం తెరమీద ఎప్పుడూ కనబడలేదు. వీపు మాత్రం దేశంలో సగంమందికి తెలుసు.

నేను కాలేజీ వదిలేసి లోన్ పైన్ కొండల్లో కౌబాయ్ కథల షూటింగులకి రౌతుగా చేరేసరికి ఆయనకు యాభై నాలుగు. అరగంట టీవీ కథని మూడు రోజుల్లో తీసి పారేసే కంపెనీ మాది. పొద్దున షెరీఫ్ దండులో ఉన్నవాళ్ళమే మధ్యాహ్నం టోపీలు మార్చి దొంగల ముఠా అయ్యేవాళ్ళం. మమ్మల్ని మేమే తరుముకునేవాళ్ళం.

ఓక్లహోమాలో పొలం దుమ్మై ఎగిరిపోతే పడమటికి వచ్చిన కుటుంబం ఓరెన్‌ది. ఆయన ఈ పనిలో చేరిన కొత్తలో గుర్రాన్ని పడేయాలంటే ముందుకాళ్ళకు తీగ కట్టి, రెండో కొసని భూమిలో పాతేవాళ్ళు. దౌడులో ఉన్న గుర్రం తీగ బిగిసినచోట తలకిందులయ్యేది. ఒకే ఉదయం రెండు గుర్రాల మెడలు విరగడం చూశాక ఆయన మళ్ళీ తీగ గుర్రం ఎక్కలేదు. జూనిపర్ అనే ఎర్ర ఆడగుర్రాన్ని కొన్నాడు. రెండేళ్ళపాటు రంపపు పొట్టులో పడుకోబెట్టి నేర్పాడు. పగ్గాన్ని రౌతు తన కుడి మోకాలి దగ్గరకు తెస్తే అది తల తిప్పి, భుజంమీద ఒరిగి పడుతుంది. కొట్టక్కర్లేదు, కట్టక్కర్లేదు.

పడేచోట ముందుగా పరుపు వేస్తాం. మంచం కంటే రెండింతల మేర తవ్వి, రాళ్ళు ఏరి, ఇసుకా పొట్టూ నింపి, పైన మామూలు మట్టి చల్లుతాం. కెమెరాకి తెలియకూడదు కాబట్టి ఆనవాలుగా జెండా, గుడ్డపీలిక లాంటివి పెట్టం. ఒక బూడిదరంగు పొదని తెచ్చి పరుపు పక్కన నాటుతాం, అంతే. ఆ కొండల్లో అలాంటి పొదలు వేలు. పరుపు దాటితే అంతా రాయే. రాయిమీద పడితే గుర్రం భుజం విరుగుతుంది. భుజం విరిగిన గుర్రానికి అసలు తూటాయే మందు.

ఓరెన్ ఒక సంగతి దాచాడు. ఎడమ కన్ను పోయింది, కుడి కన్నుకి పొర కమ్ముతోంది. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన కాఫీని కప్పు పక్కన బల్లమీద పోస్తుంటే చూశాను. నా మణికట్టు పట్టుకుని, ఇది బయటికొస్తే తనను ఏ కంపెనీ జీను ఎక్కనివ్వదని చెప్పాడు. నోరు మూసుకున్నాను. చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మిగతా రౌతులకు అనుమానం లేదు. దౌడు తీసేటప్పుడు ఆయన పెదాలు కదులుతాయని మాత్రం ఏడిపించేవాళ్ళు. "ముసలోడు దేవుడితో బేరమాడుతున్నాడురా, ఈసారికి నడుం వదిలెయ్యమని" అనేవాడు మా గుర్రాల మేస్త్రి డెల్మర్ ప్రూయిట్. ఓరెన్ నవ్వి ఊరుకునేవాడు.

ఆ అక్టోబరు రోజున పొద్దున్నే ఆయనా నేనూ పరుపు తవ్వాం. పొద నేనే నాటాను. బయలుదేరే చోటు నుంచి, పడకుండా, ఒకసారి ఆయన గుర్రాన్ని పరుపు మీదుగా దౌడు తీయించాడు. తర్వాత వెలుతురు కోసం రెండు గంటలు ఆగాం.

చీలిన పెద్ద బండ దగ్గర నుంచి బయలుదేరాలి. ముందు ఓరెన్, వెనక దండుగా మేం ఆరుగురం. కేక వినబడింది, గుర్రాల్ని వదిలాం. పది అంగలు వెళ్ళాక నాకు పొద కనబడింది. కాని ఉండాల్సిన చోట లేదు. ముప్పై అడుగుల అవతల, తెల్లరాళ్ళ పక్కన నిక్షేపంగా నిలబడి ఉంది.

గొంతు చించుకుని అరిచాను. ఏడు గుర్రాల డెక్కల కింద ఆ అరుపు నాకే వినబడలేదు. ఆయనకి కాస్తో కూస్తో కనబడేది ఆ పొదేనని, దాన్ని పట్టుకునే పోతాడని అనుకున్నాను. నా గుర్రాన్ని మడమలతో పొడిచాను. అందలేదు. ఆయన వీపు కదలకుండా ముందుకు పోతోంది.

తుపాకీ పేలింది. పొద ఇంకా ముప్పై అడుగులు ఉండగానే జూనిపర్ తల తిప్పింది. పరుపు నట్టనడుమ పడింది. మెత్తని దుమ్ము లేచింది.

అందరూ చప్పట్లు కొట్టారు. డెల్మర్ కొట్టలేదు. వాడు పొద వైపు చూస్తున్నాడు. దాన్నెవడు కదిపాడని అడిగితే, చెట్టూ చేమా సర్దే మనిషి ముందుకొచ్చాడు. కెమెరాలో హీరో బూట్లకి అడ్డమొస్తోందని జరిపానన్నాడు. పొద్దున్నించీ అలాంటివి నలభై జరిపాడట. ఇది వేరని అతనికేం తెలుసు.

డెల్మర్ ఓరెన్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. నేను పక్కనే పగ్గం పట్టుకుని ఉన్నాను.

"పొద పక్కకి జరిగింది, చూశావా?"

"చూశాను."

"ఇప్పుడెక్కడుంది?"

ఓరెన్ వాలు వైపు తల తిప్పాడు. అక్కడ పొదలు లేవు, లారీలు ఉన్నాయి.

"ఎన్నాళ్ళయింది?"

"కిందటి చలికాలం నించి. బండ దగ్గర్నించి ఇరవై మూడు అంగలు. జూనిపర్ అడుగు తప్పదు, నేను లెక్క తప్పను."

అప్పుడర్థమైంది. ఆ పెదాల మీద ప్రార్థన లేదు, లెక్క ఉంది. కన్ను బాగున్నవాడెవడైనా పొదని నమ్మి ఆ రోజు గుర్రాన్ని చంపేవాడు.

ఇంతలో డైరెక్టర్ కేకేశాడు. ఇంకోసారి కావాలి, ఎదురు వైపు నుంచి, ఎండ పోకముందే. అటునుంచి ఓరెన్‌కి లెక్క లేదు. అటు దౌడు తీయించనే లేదు. డెల్మర్ డైరెక్టర్ వైపు తిరిగి, గుర్రం కుంటుతోంది, ఇవాళ్టికి ఇంతే అన్నాడు. వాడి ముఖంలో జాలి ఉంది. మేస్త్రి అబద్ధమాడటం అంతకుముందు నేనెన్నడూ చూడలేదు.

ఓరెన్‌కి అలా తప్పించుకోవడం తేలిక. కాని పడే గుర్రానికి కుంటిదని పేరొస్తే ఏ కంపెనీ తీసుకోదు. ఎవరో సంతలో మాంసం ధరకి కొంటారు, ఆ తర్వాత ఏమవుతుందో మాకందరికీ తెలుసు.

ఆయన టోపీ తీశాడు. అందరికీ వినబడేలా, నెమ్మదిగానే అన్నాడు.

"దాని కాళ్ళకేం కాలేదు డెల్మర్. తప్పు దాని మీద పెట్టకు. నా కళ్ళే పనిచెయ్యట్లేదు."

సర్దే మనిషి నేలచూపులు చూశాడు. ఓరెన్ పగ్గం నా దగ్గర తీసుకుని డెల్మర్ చేతిలో పెట్టి, ఒకసారి ఊరికే తోలి లెక్కేసుకు రమ్మన్నాడు. డెల్మర్ వెళ్ళొచ్చి పంతొమ్మిది అన్నాడు.

"గుంజావంటే అది నిన్ను నమ్మదు. మోకాలి దగ్గరకి తీసుకురా, చాలు. మిగతాది దానికొచ్చు."

"నేను పంతొమ్మిదేళ్ళుగా రౌతుని, ముసలోడా."

"అది నాతో పదకొండేళ్ళుగా పడుతోంది. దాని మాట విను."

నేను పొదని తెచ్చి దాని చోట నాటాను. ఓరెన్ కెమెరా వెనక నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి దండు లేదు, డెల్మర్ ఒక్కడే బయలుదేరాడు. ఓరెన్ అటు చూడలేదు, చెవి మాత్రం అటు తిప్పాడు. పెదాలు కదిలాయి. పన్నెండు. పదమూడు. ఆయన వేళ్ళు నా ఎముకలోకి దిగుతున్నాయి. పదిహేడో అంగకి ఊపిరి బిగపట్టాడు.

పంతొమ్మిదికి ధబ్బుమని మెత్తటి చప్పుడు.

తర్వాత ఏమీ వినబడలేదు. దుమ్ములో నాక్కూడా ఏమీ కనబడలేదు.

"లేచిందా?" అన్నాడు.

"లేస్తోంది."

"ఏ కాలు ముందు పెట్టింది?"

చూసి చెప్పాను. ఎడమది, పడిన భుజం వైపుది. నాలుగు కాళ్ళమీదా నిలబడి ఒళ్ళు దులుపుకుంది, రికాబులు గలగలమన్నాయి. ఓరెన్ చెయ్యి నా భుజం మీద నుంచి జారింది. పడటం ఆయనకి అదే ఆఖరు. ఆ ఆఖరిది మాత్రం ఆయన పడలేదు, విన్నాడు.