పెనుకొండ రాళ్ళ కోసం యూనివర్సిటీ దాకా

పెనుకొండ కోటలో ఒక శాసనం ముందు నిలబడి, ఒక్క అక్షరమైనా పోల్చుకోలేకపోయిన రోజే ఈ ప్రయాణం మొదలైంది. హిందూపురంలో డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్నాను. ఎం.ఏ. చరిత్ర చదువుతానంటే నాయన ఒకటే అన్నాడు: "స్పాట్ అడ్మిషన్‌లో సీటొస్తే సరే. రాకుంటే సోమవారం నుంచి బ్యాంకు కోచింగ్‌కు పోవాల." ఉదయం ఏడు దాటాక అనంతపురం యూనివర్సిటీకని ప్యాసింజరు ఎక్కాను. టికెట్ యాభై లోపే. పెనుకొండ కొండ కనపడినంతసేపూ కిటికీ వదల్లేదు.

ధర్మవరంలో ఎక్కి నా పక్కన కూర్చున్న పద్మక్కది పట్టుచీరలు నేసే ఇల్లు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎం.ఏ. తెలుగులో చేరడానికి తనూ అక్కడికే. "నిన్న సాయంత్రమే నేసిన చీర మగ్గం మీంచి కోసినా. మగ్గం ఖాళీగా ఉండేది ఈ పొద్దొకటే," అంది. నా సంగతి విని ఒకటే నవ్వు. "రాళ్ళు చదివేదానికి ఇంత దూరం పోతాండావా పాపా?"

అనంతపురం స్టేషన్ బయట ఇద్దరం షేర్ ఆటో పట్టుకున్నాం. "యాడికమ్మా, పరీక్షలకా?" అన్నాడు డ్రైవరు. "చేరేదానికప్పా!" అంది పద్మక్క, అందరికీ వినపడేలా. దారిలో డ్రైవరే చెప్పాడు, ఈ యూనివర్సిటీ మొదట వేరే యూనివర్సిటీకి పీజీ సెంటరుగా పుట్టిందట. అంతకుముందు ఈ సీమ పిల్లలు పీజీ కోసం జిల్లా దాటాల్సిందే. ఇప్పుడు భాషలు, సైన్సు, కామర్సు, న్యాయశాస్త్రం, ఇంజనీరింగు అన్నీ ఉన్నాయి. గేటు దగ్గర దిగి, బోర్డులు చదువుకుంటూ పద్మక్కతో వేపచెట్ల కింద నడిచాను.

చరిత్ర విభాగంలో గుమాస్తా తలెత్తకుండానే చెప్పాడు. "ఈ ఏడు చేరేవాళ్ళు చాల్లేదమ్మా. కోర్సు తెరవడంలేదు."

కోచింగ్ సెంటరు బల్లలు కళ్ళ ముందు కదిలాయి. పద్మక్క నా చెయ్యి పట్టుకుని తెలుగు విభాగానికి లాక్కుపోయింది. "మేడమ్, ఈ పిల్లకు రాళ్ళ పిచ్చి. మీ దగ్గర రాళ్ళేమన్నా ఉండాయా?"

మేడమ్ నవ్వి సిలబస్ నా ముందుకు జరిపింది. "శాసనాలని ఒక పేపరే ఉంది. పాత లిపి నేర్పిస్తాం. పెనుకొండకూ తీసుకుపోతాం."

వేరే కోర్సులో సీటొచ్చిందని నాయనకు ఫోన్ చేశాను. "చరిత్ర కాదా?"

"తెలుగు నాయనా. కానీ రాళ్ళుండాయి."

"హాస్టల్ అడిగినావా?" అన్నాడు.

తిరుగు రైల్లో పద్మక్క రేపటి పని చెప్పింది. మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకే కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతారట. ఆ తర్వాత మగ్గం భర్తకప్పజెప్పి రోజూ రైల్లో యూనివర్సిటీకి వస్తుందట. పెనుకొండ దగ్గర మళ్ళీ కిటికీలోంచి చూశాను. కొండ చీకట్లో కలిసిపోతోంది, అయినా పొద్దుటంత దూరంగా లేదు. మీరూ ఇలా చేరబోతుంటే, కోర్సు పేరు చూసి వెనక్కి రాకండి. సిలబస్ అడిగి చూడండి.