బండ మీద దిండు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నేను సర్కారు బడిలో సైన్సు టీచర్ని. మా బడిలో మూలగది అంటే పిల్లలు హడలిపోతుంటే, ఒకరోజు తాళం నేనే తీయించి, అందులోనే కుర్చీ వేసుకుని ఏడో తరగతి పేపర్లు దిద్దాను. లోపల విరిగిన బెంచీలు, రెండు గబ్బిలాలు తప్ప ఏమీ లేవు. ఇంట్లోనూ మాది ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే కుటుంబం. పోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రపోతుంటారని మా అత్తయ్య అంటుండేది. నిద్రపోయేవాళ్లకి మనతో పనేముంటుంది అని నేను అనేదాన్ని.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివాక నన్ను ఏ కోవలో వేస్తారోనని నా భయం.

పోయినేడు మా అమ్మాయి షారోన్‌కి విశాఖపట్నంలో యూనివర్సిటీ సీటు వచ్చింది. మా ఇంటి నుంచి హాస్టల్‌కి వెళ్లే మొదటి ఆడపిల్ల అదే. మా అత్తయ్య గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే కూలి. ఆమె మనవరాలు యూనివర్సిటీలో చదవబోతోందంటే మా ఆయనకి కాళ్లు నేల మీద ఆనలేదు. కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. నాకు మాత్రం ఆ సంతోషం నోటి దాకా వచ్చి ఆగిపోయేది. కారణం దాని ఉబ్బసం.

షారోన్‌కి మూడో ఏటి నుంచే గుండెల్లో పిల్లికూతలు. దుమ్ము పడదు, పొగ పడదు, అన్నిటికంటే మిరప ఘాటు పడదు. గుంటూరు పక్కన పుట్టి మిరప పడకపోవడం ఏం ఖర్మో! తొమ్మిదో ఏట ఒకసారి పక్కింట్లో కారం దంచుతుంటే దీనికి ఊపిరి అందక పెదాలు నీలం తిరిగాయి. ఆసుపత్రిలో ముక్కుకి మాస్కు పెట్టిన ఆ అరగంట నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మా అత్తయ్య దాని కోసం ఒక పద్ధతి పెట్టుకుంది. పని నుంచి రాగానే ఇంట్లోకి వచ్చేది కాదు. పెరట్లో పంపు దగ్గర ఉతికే బండ ఉంది. పక్కనున్న తడికల చాటున పనిచీర విప్పి ఆ బండ మీద పడేసి, ఎర్ర సబ్బుతో తలతో సహా స్నానం చేసేది. ఘాటు జుట్టులోనే ఎక్కువ దాక్కుంటుందని రోజూ తలస్నానమే, చలికాలంలో కూడా. అప్పటిదాకా షారోన్ గుమ్మంలో నిలబడి చేతులు చాపుతుంటే, "ఆగవే, దగ్గరికి రాకే, స్నానం చేసొస్తా" అని అరిచేది. తర్వాత నీలం అంచు చీరాల నేతచీర కట్టుకుని వచ్చి ఎత్తుకునేది. తడిజుట్టు నీళ్లు కారి ఎడమ భుజం మీద పైట ఎప్పుడూ తడిగా ఉండేది. షారోన్ ఆ తడి మీదే చెంప ఆనించి పడుకునేది. అత్తయ్య పోయి అప్పటికి రెండేళ్లయింది.

ఇక సర్దుడు సంగతి. హాస్టల్ వాళ్లు ఇచ్చిన కాగితం ఒకటి, నేను రాసుకున్నది నాలుగు పేజీలు. బకెట్, మగ్గు, స్టీలు కంచం, రెండు తాళాలు, బట్టలారేసే తాడు, క్లిప్పులు, గొడుగు, ప్లగ్గుబోర్డు, సర్టిఫికెట్ల జిరాక్సులు మూడు సెట్లు. ఆయాసానికి పీల్చే పఫ్‌లు మూడు. ఒకటి దాని బ్యాగులో, ఒకటి మంచం దగ్గర, ఒకటి పక్కమంచం అమ్మాయి చేతికి. ఆయాసం వస్తే ఏం చేయాలో ఒక అట్ట మీద రాసి లామినేషన్ కూడా చేయించాను. సర్దడం, తీయడం, మళ్లీ సర్దడం. కూర్చుంటే ఏదో మర్చిపోయాననిపించేది, లేచి చూస్తే అన్నీ ఉండేవి. గోంగూర పచ్చడి సీసా పెట్టాను కానీ కారప్పొడులు మాత్రం ఒక్కటీ పెట్టలేదు.

"గుంటూరు పిల్ల కారప్పొడి లేకుండా వచ్చిందంటే అక్కడెవరూ నమ్మరే. ఊరు పేరు మార్చి చెప్పుకోమను" అన్నాడు మా ఆయన.

హాస్టల్లో మంచం తప్ప ఏమీ ఇవ్వరు. పరుపు అక్కడే కొందామనుకున్నాం. దిండు మాత్రం నా చేత్తోనే కుట్టాలని పట్టుబట్టాను. బజారు దిండులో ఏ పాత దూది కుక్కి ఉంటుందో, ఏ దుమ్ముంటుందో ఎవరికి తెలుసు? మా తమ్ముడికి వినుకొండ దగ్గర పత్తిచేను ఉంది. వాడు సంక్రాంతి ముందే మిల్లులో గింజ తీయించిన శుభ్రమైన దూది పంపించాడు. అది అప్పటి నుంచీ మా అటక మీద ఉంది. కొత్త మల్లుగుడ్డ కొని, సంచిలా కుట్టి, ఆ దూది నింపాను. పూలకుప్పలా వచ్చింది. నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

గురువారం సాయంత్రం దాన్ని పెద్దబ్యాగులో అడుగున పెట్టాను. శుక్రవారం పొద్దున్నే నీళ్లు పట్టడానికి పెరట్లోకి వెళ్తే, దిండు పంపు దగ్గర బండ మీద ఉంది.

షారోన్ పనే అనుకున్నాను. దానికి మాల్‌లో చూసిన ఫోమ్ దిండు కావాలి. మూడు రోజులుగా అదే గోల. లేపి మరీ తిట్టాను.

"నేను తీయలేదమ్మా. బైబిల్ మీద ఒట్టు" అంది కళ్లు నులుముకుంటూ.

పిల్ల బైబిల్ మీద ఊరికే ఒట్టు పెట్టదు. అయినా నేను నమ్మలేదు. దిండు మళ్లీ బ్యాగులో పెట్టి, పైన దుప్పట్లు, వాటి మీద పుస్తకాలు పేర్చాను. శనివారం పొద్దున చూస్తే మళ్లీ బండ మీదే. బ్యాగు తీసి చూశాను. పుస్తకాలు, దుప్పట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అడుగున దిండు ఉండాల్సిన చోట దిండంత ఖాళీ.

ఈసారి మా ఆయన మీద పడ్డాను. ఆయన ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్. కూతురి కోసం ఫోమ్ దిండు కొనే ఎత్తు వేశాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. బండ వంక చూస్తూ నిలబడ్డాడు.

"పోనీ వదిలెయ్యవే. ఎందుకో ఆ దిండు ఇష్టం లేదు" అన్నాడు.

"ఎవరికి?" అన్నాను.

ఆయన దిండు తీసి నా చేతికిచ్చి లోపలికి వెళ్లాడు.

చదువుతున్న మీకు ఇప్పటికే ఏదో తట్టి ఉంటుంది. నాకు తట్టలేదు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఇంట్లో ఎవరో నాతో ఆడుకుంటున్నారన్న కోపం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

ఆదివారం చర్చికి వెళ్లేముందు దిండు బ్యాగులో పెట్టి, జిప్పులు రెండూ కలిపి చిన్నతాళం వేశాను. దాని తాళంచెవి ఒక్కటే, అది నా హ్యాండ్‌బ్యాగులో పడింది. పెరటి తలుపుకి లోపలి నుంచి గడియ పెట్టాను. వీధి తలుపుకి తాళం నేనే వేశాను. ముగ్గురం కలిసే వెళ్లాం, ఒకే వరసలో కూర్చున్నాం, కలిసే తిరిగొచ్చాం. మధ్యలో ఎవరూ లేచి బయటికి వెళ్లలేదు. ప్రసంగం మీద కంటే వాళ్లిద్దరి మీదే నా చూపు ఎక్కువుంది, కాబట్టి ఇది ఖాయంగా చెప్పగలను.

ఇంటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. బ్యాగు తాళం వేసినట్టే ఉంది. పెరటి గడియ పెట్టినట్టే ఉంది. గడియ తీసి చూస్తే, ఎండలో తెల్లగా మెరుస్తూ దిండు బండ మీద ఉంది.

మా ఆయన గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. భయమేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. విసురుగా వెళ్లి దిండు రెండు చేతులా పట్టుకుని బండకేసి కొట్టాను, బట్టలు కొట్టినట్టు. రెండో దెబ్బకి కుట్టు పిగిలి దుమ్ము లేచింది. ఎండలో ఆ దుమ్ము రంగు కనిపించింది. లేత ఎరుపు.

దగ్గు తెరలుతెరలుగా వచ్చింది. కళ్లు మండిపోయాయి. "లోపలికి పో, తలుపేసుకో!" అని షారోన్ మీద అరిచాను. మా ఆయన దాన్ని గదిలోకి తోసి తలుపు వేశాడు. దూది విప్పి చూస్తే పోగుల మధ్య లేతపసుపు మిరపగింజలు, ఎర్రటి నలక.

అప్పుడు గుర్తొచ్చింది. తమ్ముడి దగ్గర సంచి లేదంటే దూది కోసం సంచి పంపింది నేనే. మా ఆయన స్టోరేజీ నుంచి తెచ్చిన ఖాళీ టిక్కీ అది. మిరపకాయలు తొక్కి నింపే గోనెసంచిని మేం టిక్కీ అంటాం. మా వైపు ప్రతి ఇంట్లోనూ పాత టిక్కీలు ఉంటాయి. కాళ్లు తుడుచుకునే పట్టాల నుంచి వడ్లు పోసుకోవడం దాకా అన్నిటికీ అవే. రెండుసార్లు ఉతికి ఆరేసి పంపాను, శుభ్రంగా ఉందనుకున్నాను. గోనెలో దిగిన మిరప ఉతికితే పోతుందా? ఆరు నెలలు, అందులో మండువేసవి, ఆ దూది ఆ సంచిలో అటక మీద ఉడికింది. కుట్టేటప్పుడు నాకు ఘాటు తెలియలేదు. మిరప గాలి పీల్చి పెరిగిన ముక్కులు మావి. మాకు అది వాసన కిందే లెక్క కాదు.

దాన్ని నా కూతురి తలకింద పెట్టబోయాను. ఊరు కాని ఊళ్లో, మొదటి రాత్రి, అది తలుపు గడియ పెట్టుకుని ఆ దిండులో ముఖం పెట్టుకుని పడుకునేది. ఆ పక్కమంచం అమ్మాయి లేచి నా లామినేషన్ అట్ట చదివేలోపు ఏమయ్యేదో! బండ పక్కనే కూలబడి ఏడ్చాను. చదువుకున్న తల్లిని, సైన్సు చెప్పేదాన్ని, మూడుసార్లు చెబితే వినిపించుకోలేదు.

మిరప తగిలింది ఏదైనా ఆ బండ దాటి లోపలికి రాకూడదని మా ఇంట్లో ఒక్కరే పట్టుబట్టేవారు.

సాయంత్రం మా ఆయన వెళ్లి ఫోమ్ దిండు తెచ్చాడు. అది బ్యాగులో పెట్టింది పెట్టినట్టే ఉంది, ఎక్కడికీ కదల్లేదు. సోమవారం షారోన్ మా అత్తయ్య ట్రంకుపెట్టె తీసి, ఆ నీలం అంచు నేతచీర బయటికి తెచ్చింది.

"దిండుకి చుట్టుకుంటా. ఇస్తావా?" అని అడిగింది.

ఇవ్వనని ఎలా అంటాను? రెండేళ్లు పెట్టెలో ఉన్న చీర కదా అని ఎండలో వేశాను. తర్వాత వేడివేడిగా ఇస్త్రీ చేశాను. మడత పెట్టి, బ్యాగులో రెండు దుప్పట్ల మధ్య నా చేత్తో పెట్టి తాళం వేశాను. చీర పొడిగా ఉంది. ఇది మాత్రం నేను ఎవరి ముందైనా చెప్తాను.

మంగళవారం పొద్దున గుంటూరులో రైలెక్కాం. నీళ్ల సీసాలు మా ఆయన చేతిసంచిలో ఉన్నాయి. పెద్దబ్యాగు నా కాళ్ల దగ్గరే ఉంది, దాని మీద పెట్టిన పాదం తీయలేదు. వాన లేదు. సాయంత్రానికి హాస్టల్ గదిలో ఉన్నాం. పక్కమంచం అమ్మాయి ఇంకా రాలేదు. షారోన్ తాళం తీసి, పై దుప్పటి మంచం మీద వేసి, చీర అందుకుంది.

"అమ్మా, తడిగా ఉందేంటి?" అంది.

తీసుకుని చూశాను. చీరంతా పొడిగా ఉంది, ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. పైట దగ్గర, సరిగ్గా ఎడమ భుజం మీదికి వచ్చేచోట, అరచేతంత మేర తడి. పై దుప్పటి చూశాను, పొడి. కింది దుప్పటి పొడి. పచ్చడి సీసా మూత బిగుతుగా ఉంది, పైగా తడికి నూనె జిడ్డు లేదు. బ్యాగు మొత్తం నేల మీద కుమ్మరించి వస్తువు వస్తువూ తడిమాను. ఇంకెక్కడా చుక్క తడి లేదు. చివరికి మా ఆయన నా చేతిలోంచి చీర తీసుకుని వాసన చూసి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నేనూ చూశాను. ఎర్ర సబ్బు వాసన.

షారోన్ భయపడలేదు. చీర తీసుకుని ఆ తడి మీద చెంప ఆనించుకుంది.

"స్నానం చేసే వచ్చింది" అంది.

నీళ్లు ఎలా ఆవిరవుతాయో ఏటా పిల్లలకి పాఠం చెప్తాను. నీళ్లు ఎక్కడి నుంచీ రాకుండా గుడ్డ తడవదని కూడా చెప్తాను. తాళం వేసిన బ్యాగులోంచి దిండు ఎలా బయటికి వచ్చిందో, ఆ అరచేతంత తడి ఎక్కడిదో ఏడాదిగా ఆలోచిస్తూనే ఉన్నాను. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. నాకైతే తెలియలేదు.

ఆ రాత్రి రైలుకే మేమిద్దరం తిరిగొచ్చాం. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాను. ఆయాసం వచ్చిందా అన్నాను. రాలేదంది, పఫ్ ముట్టుకోనే లేదంది. ఒంటరిగా భయమేసిందా అన్నాను. లేదంది. అడగాలా వద్దా అనుకుంటూనే, చీర ఆరిందా అని అడిగాను.

"పడుకున్నంతసేపూ తడిగానే ఉందమ్మా. లేచాకే ఆరింది" అంది.